బేరం కుదిరాక తీసిన గ్రేడు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రిక మా ఇంటికి ముప్ఫై ఏళ్లుగా వస్తోంది. ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదలు. మా బావగారు పదకొండు రోజులు మాత్ర మానేయకపోయి ఉంటే ఇదీ రాసేదాన్ని కాదు.

కిందటి నెలలో ఒక ఆదివారం మీ ఆరోగ్యం పేజీ అడుగున చిన్న వార్త పడింది. గుండె జబ్బు ఉన్నవాళ్లు రోజూ వేసుకునే ఒక మాత్ర గురించి. (దాని పేరు నేను రాయను. రాస్తే ఇంకెవరో మానేస్తారు.) డెబ్బై దాటినవారిలో ఆ మాత్ర పెద్దగా పనిచేయడం లేదని ఒక పరిశోధనలో తేలిందట. మొత్తం నాలుగు వాక్యాలు. ఆ పరిశోధన ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, ఎంతమంది మీద చేశారు, ఇవేమీ అందులో లేవు. మా బావగారికి డెబ్బై ఒకటి. అక్క కత్తెర ఇవ్వనంటే గెడ్డం గీసుకునే బ్లేడుతో ఆ ముక్క కోసుకుని, మడతపెట్టి, పర్సులో ఏటీఎం కార్డు వెనక పెట్టుకున్నారు. ఆ రాత్రి నుంచే మాత్ర బంద్. అక్కకి కూడా చెప్పలేదు. మాత్రల షీటు తరగకుండా అలాగే ఉండడం చూసి అక్కే కనిపెట్టి నాకు ఫోన్ చేసింది.

నేను వెళ్లేసరికి ఆయన వరండాలో కూర్చుని ఉన్నారు. కటింగ్ నా చేతిలో పెట్టారు.

"నువ్వు లెక్కలు చెప్పినదానివి కదమ్మా, నువ్వే చూడు. మా గ్రూపుకి పనిచేయదంట. పనిచేయని దానికి నెలనెలా డబ్బు తగలేయడమెందుకు?"

"మీ గ్రూపు బి పాజిటివ్ అని తెలుసు బావగారూ. ఈ కొత్త గ్రూపు ఎప్పటినుంచి?" అన్నాను.

ఆయన నవ్వలేదు. డాక్టరుగారిని ఒక మాట అడగాల్సింది కదా అంటే, "పేపర్లో వేశాక ఇంకా ఆయన్ని అడిగేదేముంది?" అన్నారు. మీ పత్రిక మీద ఆయనకున్న నమ్మకం అది. అందుకే ఈ ఉత్తరం మీకు.

మర్నాడు కొత్తపేటలో ఆయన ఎప్పుడూ చూపించుకునే డాక్టరుగారి దగ్గరికి నేనే తీసుకెళ్లాను. డాక్టరుగారు కటింగ్ రెండుసార్లు చదివి, బీపీ చూసి, ఈసీజీ తీయించి, మాత్ర మళ్లీ మొదలుపెట్టమన్నారు. దేవుడి దయ వల్ల ఆ పదకొండు రోజుల్లో ఏమీ జరగలేదు. ఆటోలో తిరిగొస్తుంటే నాకో సంగతి గుర్తొచ్చి నవ్వు ఆగలేదు. బావగారి డెబ్బై ఒకటి సర్టిఫికెట్ వయసు. బడిలో చేర్చుకోవడానికి మాస్టారు మూడేళ్లు కలిపి రాశారనీ, అసలు ప్రకాశం బ్యారేజీ తెరిచిన ఏడాది పుట్టాడనీ వాళ్లమ్మగారు చెబుతూ ఉండేవారు. బ్యారేజీ తెరిచింది 1957లో. ఆ లెక్కన ఆయనకి డెబ్బై ఇంకా రానేలేదు. మీ వార్త అక్షరాలా నిజమే అనుకున్నా, ఆయన ఆ గుంపులో లేరు!

నేను ఈ గుంటూరులోనే ఒక డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. స్టాటిస్టిక్స్ చెప్పేవాళ్లు లేని ఏళ్లలో ఆ పేపరూ నా నెత్తినే పడేది. వర్గీకరణ అనగానే మన రాష్ట్రంలో అందరికీ తోచేది వేరు, నేను ఆ జోలికి పోవడం లేదు. అంకెల్నీ మనుషుల్నీ రోగుల్నీ గుంపులుగా విడగొట్టేటప్పుడు, ఆ గుంపు ముందే ఉందా లేక మనం గీత గీయబట్టి పుట్టిందా అన్నదే నా గోల.

మా బ్రాడీపేట సంగతే చూడండి. లైన్లు ఒక వైపు, అడ్డరోడ్లు ఇంకో వైపు. నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు అంటే కొత్త ఆటో అబ్బాయి కూడా నేరుగా వచ్చేస్తాడు. ఏ ఇల్లయినా ఒక్క లైనులోకే వస్తుంది, ఏ ఇల్లూ మిగిలిపోదు. (మూల ఇళ్లవాళ్లు అవసరాన్ని బట్టి రెండు అడ్రసులూ వాడుకుంటారు, అది వేరే తగువు.) క్లాసులో దీన్నే విభజన అనేవాళ్లం. ఇలా విడగొట్టడానికి ఎన్ని దారులున్నాయో చెబితే పిల్లలు నమ్మేవాళ్లు కాదు. ముగ్గురు మనుషుల్ని గుంపులు చేయడానికి 5 దారులు. నలుగురైతే 15. సంక్రాంతికి మా అక్క ఇంట్లో పదిమందిమి చేరతాం. అందర్నీ ఒకే గుంపుగా ఉంచడం, ఎవరికి వారిని విడిగా వదిలేయడం కూడా కలుపుకుంటే ఆ పదిమందికీ 1,15,975 దారులు. భోజనాల దగ్గర ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న పేచీ ఏటా ఎందుకొస్తుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. వేలమంది రోగులున్న పరిశోధనలో తనకి కావలసిన గుంపు వెతికి పట్టుకోవడం ఎవరికైనా ఎంతసేపు?

ఇలా పట్టుకున్న గుంపుని ఆరోగ్యం పేజీల్లో ఉపసమూహం అంటారు. లెక్కల్లో మాత్రం ఆ పేరు ఊరికే ఇవ్వం. క్లాసులో గోడ గడియారం చూపించి చెప్పేదాన్ని. పన్నెండుని సున్నా అనుకోండి. పది గంటల మీద ఇంకో ఐదు గంటలు గడిస్తే మూడు. ఈ పన్నెండు అంకెలూ కలిపి ఒక సమూహం. ఇందులోంచి 12, 4, 8 తీయండి. నాలుగూ ఎనిమిదీ కలిపితే పన్నెండు. ఎనిమిదీ ఎనిమిదీ కలిపితే నాలుగు. ఎలా కలిపినా ఆ మూడింటిలోనే తిరుగుతాయి, గడప దాటవు. అది ఉపసమూహం. 12, 3, 6, 9 కూడా అంతే. మరి బేసి అంకెలన్నీ ఏరితే? చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, ఆరూ ఒకే పోలిక. కానీ ఒకటీ ఒకటీ కలిపితే రెండు, అప్పుడే గడప దాటేసింది. కాబట్టి అది ఉత్త ఉపసమితి, అంటే ఏరుకున్న ముక్క మాత్రమే. గడియారం మొత్తం మీద ఈ పరీక్షకి నిలిచేవి ఆరే ఆరు. వాటిలో ఉండే అంకెల లెక్క 1, 2, 3, 4, 6, 12. అయిదు అంకెలున్న ఉపసమూహం కావాలని మంత్రిగారి సిఫార్సు తెచ్చుకున్నా దొరకదు, ఎందుకంటే ఉపసమూహంలోని సంఖ్య అసలు సమూహంలోని సంఖ్యని శేషం లేకుండా భాగించి తీరాలి. లెగ్రాంజ్ పేరు మీదున్న సిద్ధాంతం ఇది.

ఆరోగ్యం పేజీల్లో 'ఉపసమూహం' అని రాసేదంతా మా లెక్కన ఉపసమితి. ఏరుకోవడమే తప్ప నిలబడాల్సిన పరీక్ష ఏదీ లేదు. ఒకే మాట రెండు చోట్లా వాడడం వల్ల దీనికి దాని గౌరవం వచ్చిపడుతోంది.

వైద్యంలో నిఖార్సయిన గుంపులు లేవని కాదు. బ్లడ్ గ్రూపులున్నాయి. 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ ఒకరి రక్తరసాన్ని ఇంకొకరి రక్తకణాలతో కలిపి చూశాడు. కొన్ని జతల్లో కణాలు ఉండకట్టాయి, కొన్నిట్లో కట్టలేదు. అలా మూడు గ్రూపులు తేలాయి, మరుసటి ఏడు ఏబీ బయటపడింది. ఆ గీతలు ఆయన గీసినవి కావు, రక్తమే గీసి చూపించింది. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే బృందం ఇంకో చిత్రం కనిపెట్టింది. మామూలు పరీక్షలో 'ఓ' (O) గ్రూపులా కనబడే కొందరికి ఆ 'ఓ' గ్రూపు రక్తం కూడా సరిపడదు. దాన్నే ఇప్పుడు బాంబే గ్రూపు అంటున్నారు. 'ఓ' గ్రూపు లోపల దాక్కున్న గుంపు అది. చూసుకోకుండా రక్తం ఎక్కిస్తే మనిషి ప్రాణానికే ముప్పు. అలాంటి గుంపు ఎవరైనా కనిపెడితే మొదటి పేజీలో వేయండి, నేనే నలుగురికీ చదివి వినిపిస్తాను. డెబ్బై ఏళ్ల గీత అలాంటిది కాదు. డెబ్బయ్యో పుట్టినరోజు రాత్రి ఒంట్లో ఏ గడియా పడదు.

మా నాన్నగారు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తా. నేను కాయకి గ్రేడు కట్టడం చూస్తూ పెరిగాను. కల్లంలోనే ఆడవాళ్లు వరసగా కూర్చుని ఎర్రకాయ ఒక వైపు, రంగుపోయి తెల్లబడిన తాలుకాయ ఇంకో వైపు ఏరతారు. టిక్కీలు (మిర్చి బస్తాలు) యార్డుకొచ్చాక కొనేవాడు టిక్కీ కోసి మచ్చు తీసి, రంగు చూసి, తొడిమ చూసి, గుప్పిట్లో నలిపి తేమ ఎంతుందో చూసి ధర చెబుతాడు. ఒప్పుకున్నాక చీటీ. ఇప్పుడు తేజ, 334, 341, బ్యాడిగి అంటూ రకాలు పెరిగాయి గానీ కళ్లతో చూసి చేత్తో నలిపే పని పోలేదు. ఒక రోజు ఒకాయన పొద్దున చీటీ రాయించుకుని, సాయంత్రానికి ధర పడిపోయిందని తెలిశాక తిరిగొచ్చి, ఆ లాటులో పది టిక్కీలు తక్కువ గ్రేడు అన్నాడు. నాన్నగారు గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు మాత్రం "బేరం కుదిరాక గ్రేడు తీస్తావేమయ్యా, పొద్దున నీ కళ్లు ఏ ఊరెళ్లాయి?" అని దుకాణమంతా వినబడేలా కేకేశారు. తర్వాత నేను స్టాటిస్టిక్స్‌లో చదివిందీ, క్లాసులో వారాల తరబడి చెప్పిందీ ఆ కేకే. ముందు గుంపులు చెప్పాలి, తర్వాత ఫలితం చూడాలి. ఫలితం చూసి గుంపు గీయడం అంటే నాన్నగారి ముందు నిలబడ్డ ఆ పెద్దమనిషి చేసిన పనే.

ఇదంతా లెక్కలవాళ్ల చాదస్తం అనుకుంటారేమో, ఒక నిజం కథ చెబుతాను. 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఐసిస్-2 అన్న పరిశోధన అచ్చయింది. గుండెపోటు అనుమానంతో 16 దేశాల్లో 417 ఆస్పత్రుల్లో చేరిన 17,187 మంది మీద చేశారు. కొందరికి ఆస్పిరిన్, కొందరికి రక్తం గడ్డని కరిగించే స్ట్రెప్టోకైనేస్, కొందరికి రెండూ, కొందరికి మందే లేని ఉత్తుత్తివి. ఎవరికి ఏది అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. ఆస్పిరిన్ వేసుకున్నవాళ్లలో అయిదు వారాల లోపు గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోవడం సుమారు 23 శాతం తగ్గింది. చాలా పెద్ద సంగతి అది. ప్రచురించే ముందు పత్రికవాళ్లు వయసు వారీగా, ఆడా మగా వారీగా, ఇంకా రకరకాలుగా విడగొట్టి చూపమని అడిగారు. ఆ పరిశోధన నడిపించినవారిలో ఒకరైన ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త రిచర్డ్ పీటో సరేనన్నారు, అయితే వాటితోపాటు రోగుల్ని రాశుల వారీగా విడగొట్టిన ఫలితం కూడా వేయాలన్నారు. వేశారు. మిథునం, తుల రాశులవాళ్లకి ఆస్పిరిన్‌తో మరణాలు 9 శాతం పెరిగినట్టూ, మిగతా పది రాశులకి 28 శాతం తగ్గినట్టూ వచ్చింది! గుంపులు విడగొట్టి వచ్చినదల్లా నమ్మేవాళ్లు ఇది కూడా నమ్మండి అని ఆయన అంటించిన చురక అది. (అవి పుట్టిన తేదీని బట్టి ఇంగ్లీషువాళ్లు లెక్కేసే సూర్య రాశులు. మనం చంద్రుణ్ణి బట్టి చూస్తాం. మా అక్కది తులారాశి, ఆవిడ ఇది చదివి కంగారు పడకూడదని ఈ ముక్క కలిపాను.)

గడియారంలోనూ పన్నెండే, రాశుల్లోనూ పన్నెండే. గడియారంలోని 12, 4, 8 రేపు చూసినా అలాగే ఉంటాయి. ఆస్పిరిన్ పడని రాశులు మాత్రం పరిశోధన మళ్లీ చేస్తే మారిపోతాయి. ఇది అదృష్టం ఆడే ఆట, దానికీ లెక్కుంది. ఉత్త పంచదార బిళ్లని మందని చెప్పి ఇచ్చి, పన్నెండు రాశులకీ విడివిడిగా 'పనిచేసిందా' అని పరీక్ష పెట్టండి. ఒక్కో పరీక్షలో పొరపాటున 'పనిచేసింది' అని రావడానికి నూటికి ఐదు వంతుల అవకాశం ఉండనివ్వడం మా శాస్త్రంలో ఆనవాయితీ. అప్పుడు పన్నెండిట్లో కనీసం ఒక్క రాశికైనా పంచదార పనిచేసినట్టు కనబడే అవకాశం 46 శాతం. ఇరవై గుంపులు చేస్తే 64 శాతం. 0.95ని ఇరవైసార్లు గుణించి, వచ్చినదాన్ని ఒకటిలోంచి తీసేయడమే, ఫోనులో క్యాలిక్యులేటరు చాలు. ఆ ఇరవైలో తేడాగా కనబడ్డ ఒక్కటీ ఆదివారం పేజీకి చేరుతుంది. తేడా కనబడని పంతొమ్మిదింటి గురించి ఎవరు రాస్తారు? మీరు వేసిన 'డెబ్బై దాటినవారు' ఎన్ని గుంపుల్లోంచి పైకి తేలారో ఆ నాలుగు వాక్యాల్లో లేదు. నా కోపమంతా అక్కడే.

రాశుల కథ నవ్వుకోవడానికి బాగుంటుంది. ఆడవాళ్ల కథకి నాకు నవ్వు రాదు. 1978లో కెనడాలో, పక్షవాతం సూచనలు ఒకసారి కనబడి తగ్గిన 585 మంది మీద ఆస్పిరిన్ పరీక్షించారు. మగవాళ్లలో పక్షవాతం గానీ మరణం గానీ 48 శాతం తగ్గింది. ఆడవాళ్లలో లాభం కనబడలేదు. ఆ పరిశోధనలో ఆడవాళ్లు సగం కంటే బాగా తక్కువ. గుంపు చిన్నదైతే ఉన్న లాభం కూడా కనబడదు. కనబడకపోవడాన్నే లేకపోవడంగా తీసుకుని, ఇది మగవాళ్లకే పనికొచ్చే మందన్న మాట ఏళ్ల తరబడి నిలిచిపోయింది. 1994లో అలాంటి పరిశోధనలు చాలా కలిపి లెక్కకడితే ఆడవాళ్లకీ లాభమేనని తేలింది. పదహారేళ్లు!

ఇంతా చెప్పి, గుంపులు చేయడమే తప్పని నేననను. చేయకపోతే మోసపోయే చోట్లూ ఉన్నాయి. 1986లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కిడ్నీ రాళ్ల మీద ఒక పేపరు వచ్చింది. ప్రతి బ్యాచ్‌కీ బోర్డు మీద రాసేదాన్ని, అంకెలు కంఠతా వచ్చేశాయి. పెద్దగా కోసి తీసే పాత ఆపరేషన్ 350 మందికి చేస్తే 273 మందికి నయమైంది, 78 శాతం. వీపు పక్కన చిన్న రంధ్రం చేసి తీసే కొత్త పద్ధతి 350 మందికి చేస్తే 289 మందికి, 83 శాతం. కొత్తదే మేలు కదా? ఇప్పుడు రాళ్లని చిన్నవీ పెద్దవీగా విడగొట్టండి. చిన్న రాళ్లలో పాత పద్ధతి 87 మందిలో 81 మందికి, అంటే 93 శాతం. కొత్తది 270 మందిలో 234, అంటే 87 శాతం. పెద్ద రాళ్లలో పాతది 263 మందిలో 192, 73 శాతం. కొత్తది 80 మందిలో 55, 69 శాతం. చిన్నవాటిలోనూ పాతదే మేలు, పెద్దవాటిలోనూ పాతదే మేలు, రెండూ కలిపితే కొత్తది మేలు! క్లాసులో ఇక్కడికి వచ్చేసరికి వెనక బెంచీలవాళ్లు కూడా తలెత్తేవాళ్లు. ఒకబ్బాయి బోర్డు దగ్గరికొచ్చి కూడిక తప్పేమోనని మళ్లీ వేశాడు. కూడిక తప్పు కాదు. డాక్టర్లు పెద్ద రాళ్లున్నవాళ్లని ఎక్కువగా పాత ఆపరేషన్‌కి పంపారు, తేలికైన కేసులు కొత్తదానికి వెళ్లాయి. కష్టమైన పని నెత్తినేసుకున్నవాడికి మార్కులు తక్కువొచ్చాయి, అంతే. సింప్సన్ అనే ఆయన 1951లో రాసిన పేపరు వల్ల దీన్ని ఆయన పేరుతో పిలుస్తారు గానీ, యూల్ అనే ఆయన 1903లోనే ఈ సంగతి చెప్పాడు.

ఇక్కడ గుంపు చేయడం న్యాయం, ఎందుకంటే రాయి పెద్దదా చిన్నదా అన్నది ఆపరేషన్‌కి ముందే స్కానింగ్‌లో కనబడుతుంది. కాయ రంగు బేరానికి ముందే కనబడినట్టు.

గీత ఎక్కడ గీయాలన్నది ఇంకో తలనొప్పి. ఇది నా సొంత కథ. పోయినేడు పరగడుపున షుగరు పరీక్ష చేయిస్తే 104 వచ్చింది. ఒక ల్యాబు కాగితంలో దాని పక్కన నల్లటి అక్షరాల్లో 'ప్రీడయాబెటిస్'. నాకు టెన్షన్ పట్టుకుంది. వారం తర్వాత ఇంకో ల్యాబుకి వెళ్తే మళ్లీ 104 వచ్చింది, పక్కన 'నార్మల్'. ఇద్దరూ తప్పు చేయలేదు. అమెరికా డయాబెటిస్ సంఘం 2003 నుంచి 100 దగ్గర గీత గీస్తోంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 110 దగ్గర గీస్తోంది. రోడ్డుకి ఇటు చీటీలో నేను రోగం అంచున ఉన్నాను, అటు చీటీలో నిక్షేపంలా ఉన్నాను. అసలు షుగరు జబ్బు అనే గీత కూడా ఒకప్పుడు 140 దగ్గర ఉండేది. 1997లో అమెరికా సంఘం దాన్ని 126కి దించింది. ముందురోజు రాత్రి 130తో మామూలు మనిషిగా పడుకున్నవాడు ఒక్క లడ్డూ తినకుండానే తెల్లారేసరికి షుగరు పేషెంటయ్యాడు. కళ్లలో రక్తనాళాలు దెబ్బతినడం ఏ స్థాయి నుంచి పెరుగుతోందో చూసి దించారు కాబట్టి నేను తప్పుబట్టను. బరువు విషయంలోనూ అంతే, పాశ్చాత్యులకి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు చూసే లెక్క) 25 దాటితే అధిక బరువు, మనవాళ్లకి 23 దాటితే చాలు. మన ఒంట్లో కొవ్వు తక్కువ బరువుకే చేరుతుంది కాబట్టి. ఈ గీతలకి కారణాలున్నాయి. డెబ్బైకి ఏ కారణం చెప్పారు?

ఈమధ్య గుంపులు చేసే పని కంప్యూటరుకి అప్పగిస్తున్నారు. 2018లో స్వీడన్, ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు పెద్ద వయసులో వచ్చే షుగరుని ఐదు గుంపులు చేశారు. 2020లో మన దేశంలో 19,084 మంది టైప్ 2 రోగుల వివరాలతో చేస్తే నాలుగు తేలాయి, వాటిలో రెండే అక్కడివాటితో కలిశాయి. ఆ పద్ధతిలో ఎన్ని గుంపులు కావాలన్నది చివరికి మనిషే చెప్పాలి, కాబట్టి కంప్యూటరు చెప్పింది కదా అని కళ్లు మూసుకోలేం. అయినా అది ఎంతో నయం. గుంపులు చేసి ఊరుకోకుండా, ఏ గుంపువాళ్లకి కళ్లు, ఏ గుంపువాళ్లకి కిడ్నీలు ఎక్కువగా దెబ్బతింటున్నాయో చూశారు. గుంపు కట్టేటప్పుడు వాడని విషయంలో కూడా ఆ గుంపులు తేడా చూపించాయి. మా గడియారం పరీక్ష అంత కచ్చితం కాకపోయినా, ఇదొక పరీక్షే.

ఈ విద్యకి పునాది వేసినవారిలో మనవాళ్లున్నారు. కలకత్తాలో స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త మహలనోబిస్ 1936లో గుంపుకీ గుంపుకీ మధ్య దూరం కొలిచే పద్ధతి చెప్పారు. ఆయన దగ్గర పనిచేసిన సి.ఆర్. రావు గారు 1948లో, ఒక మనిషి కొలతలన్నీ కలిపి చూసి అతను ఏ గుంపువాడో తేల్చే పద్ధతి మీద పేపరు రాశారు. 2023లో 102 ఏళ్ల వయసులో పోయారు. ఆయన చిన్నప్పుడు చదువుకున్న ఊళ్లలో నూజివీడు, నందిగామ ఉన్నాయి. 2022 దాకా రెండూ మా పక్కనున్న కృష్ణా జిల్లాలోవే. మా కాలేజీలో ఆయన ఫొటో పెట్టమని రెండుసార్లు అర్జీ పెట్టాను. గోడ మీద చోటు లేదన్నారు.

నేను మిమ్మల్ని అలాంటి వార్తలు వేయొద్దని అడగడం లేదు. వేసినప్పుడు మొత్తం ఎంతమంది, అందులో డెబ్బై దాటినవారు ఎంతమంది, ఎన్ని రకాలుగా విడగొట్టి చూశారు, ఈ గుంపు ముందే అనుకున్నదా తర్వాత తీసిందా, ఈ నాలుగు ముక్కలూ వేయండి. చోటు లేకపోతే పక్కనున్న వారఫలాల్లో ఒక రాశి తగ్గించండి. ముందే అనుకున్నదో కాదో కనుక్కోవడం బ్రహ్మవిద్య కాదు. మన దేశంలో 2007 నుంచి క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఉంది, 2009 జూన్ నుంచి మందుల పరీక్షలు అందులో నమోదు చేయడం తప్పనిసరి. మొదటి రోగిని చేర్చుకునే లోపే, ఏం కొలవబోతున్నారో అందులో రాయాలి. ఎవరైనా తెరిచి చూడొచ్చు. మా నాన్నగారి కాలంలో పొద్దున రాసిన చీటీ లాంటిది. బయటి దేశాలవాళ్లకీ ఇలాంటి రిజిస్ట్రీలున్నాయి. మీ విలేకరులకి అరగంట పని. అది తీరదంటే, మందు గురించిన ప్రతి వార్త కింద 'డాక్టరుని అడగకుండా మానకండి' అన్న ఒక్క ముక్క అయినా వేయండి.

బావగారు ఇప్పుడు మాత్ర వేసుకుంటున్నారు. అక్క ఎదురుగా నిలబడి వేయిస్తోంది. పర్సులోంచి ఆ కటింగ్ మాత్రం తీయనివ్వలేదు. మీరు ఈ ఉత్తరం వేస్తే దీన్నీ కోసి దాని పక్కనే పెట్టుకుంటానన్నారు. కాస్త పెద్ద అక్షరాల్లో వేయండి, ఆయనకి ఒక కంట్లో శుక్లం ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల లెక్చరర్,
బ్రాడీపేట, గుంటూరు.